సగంలో ఆగిన జెండా

శనివారం పొద్దున ఏడు గంటలకి అట్రాక్టా గెరాటీ వంటింట్లో ఫ్రిజ్ తలుపు ముందు నిలబడి, దాని మీద అంటించిన కాగితంలో పదిహేను పేర్లు లెక్కపెట్టింది. మళ్లీ కింది నుంచి పైకి లెక్కపెట్టింది. రెండుసార్లూ పదిహేనే వచ్చాయి. అప్పుడు గాని ఆమె టీ సంగతి ఆలోచించలేదు.

పదిహేనేసి మంది చేత్తోనూ కాలితోనూ బంతి ఆడే డ్రమ్‌షీలన్ గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్‌కి ఆమె కార్యదర్శి. కాగితం మీద అంతే. చలికాలంలో జరిగిన సర్వసభ్య సమావేశంలో అధ్యక్షుడు మోకాళ్లని, ఉపాధ్యక్షుడు మనవళ్లని సాకు చూపించి చేతులెత్తేశాక జెర్సీలు ఉతకడం, మైదానంలో గీతలు గీయడం, కుర్రాళ్లకి ఫోన్లు చేసి నిద్ర లేపడం, ఆట అయ్యాక టీలు కాయడం అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. జీతమూ లేదు, భత్యమూ లేదు. పైగా ఓడిపోయిన ప్రతిసారీ సంగతేమిటని ఊళ్లో అందరూ ఆమెనే అడిగేవారు.

ఏడాది కూడా అలాగే ఏడిచింది. ఫిబ్రవరి గాలివానకి బట్టలు మార్చుకునే గది పైకప్పు లేచిపోయి పక్క పొలంలో గొర్రెల మధ్య పడింది. ఏప్రిల్‌లో ఆరుగురు కుర్రాళ్లు సిడ్నీ విమానం ఎక్కారు. మే నెలలో గడ్డి కోతల రోజున మ్యాచ్ పడితే పదకొండు మందే వచ్చారు. జులైలో సరిగ్గా తమ ఆటగాడి పెళ్లి రోజున పడితే తొమ్మిది మంది. పెళ్లికొడుకు వస్తానన్నాడు గాని పెళ్లికూతురు పోనివ్వలేదు. అలా రెండుసార్లు జట్టు లేక ఆడకుండానే ఓడిపోయారు. మూడోసారి కూడా పదిహేను మందిని దింపలేకపోతే క్లబ్ ఎత్తేసి, మిగిలినవాళ్లని పక్క ఊరి క్లబ్ నాక్‌బారన్‌లో కలిపేస్తామని జిల్లా ఆటల బోర్డు ఉత్తరం రాసింది.

నాక్‌బారన్‌లో కలవడమంటే డ్రమ్‌షీలన్ వాళ్లకి అంతకంటే అవమానం లేదు. తాతల కాలంలో ఒక బంతి గోల్ గీత దాటిందా లేదా అన్న విషయం మీద ఆ రెండు ఊళ్లూ ఇప్పటికీ ఒక నిర్ణయానికి రాలేదు. ఇవాళ మూడు గంటలకి ఆట ఆ నాక్‌బారన్‌తోనే. కాగితం మీదున్న పదిహేను మందిలో ముగ్గురు సోమవారం పెర్త్ వెళ్లిపోతున్నారు. కాబట్టి ఇవాళే ఆడాలి. వారం ఆగితే మిగిలేది పన్నెండు మంది.

"ఎవరు చచ్చినా, ఎవరు బతికినా ఈ రోజు ఆట జరిగి తీరాలి," అంది అట్రాక్టా, ఫ్రిజ్‌తో.

ఇలాంటి మాటలు ఫ్రిజ్‌తో అన్నా సరే, కాస్త చూసుకుని అనాలి.

ఆమె ఇంట్లో జెర్సీలు మడత పెడుతున్న సమయానికి జార్లత్ మైదానంలో జెండా ఎగరేస్తున్నాడు. జార్లత్ అరవై దాటిన బ్రహ్మచారి. నాలుగు ఆవులు, ఒక ట్రాక్టరు, మైదానం గడ్డి కోసే బాధ్యత, అతని జీవితం అంతే. మ్యాచ్ ఉన్న రోజున పొద్దున్నే క్లబ్ జెండా పైకి లాగడం అతని పని. ఆ రోజు జెండా స్తంభానికి సగం దాకా వెళ్లి ఆగిపోయింది. పైన చక్రంలో తాడు ఇరుక్కుంది. పైకి లాగాడు, రాలేదు. కిందికి లాగాడు, దిగలేదు. బతిమాలాడు, తిట్టాడు. చివరికి నిచ్చెన తెద్దామని ట్రాక్టరెక్కి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఇంటికి వెళ్లాడు. వెళ్లేసరికి కొట్టంలో పెయ్యకి తొలిచూలు నొప్పులు మొదలయ్యాయి. దూడ కాళ్లు ముందుకు రావలసింది వెనక్కి తిరిగి ఉన్నాయి. జార్లత్ చొక్కా విప్పాడు, ఫోన్ ట్రాక్టర్లో వదిలేశాడు, జెండాని మరిచిపోయాడు.

మైదానం పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది. ఆ దేశంలో క్లబ్ జెండా స్తంభానికి సగంలో ఉందంటే ఒకటే అర్థం. క్లబ్ మనిషి ఎవరో పోయారు, ఆ రోజు ఆట ఉండదు. దాన్ని చూసినవాళ్లు పాటించే నియమం కూడా ఒకటే ఉంది. పోయింది ఎవరని అడగకూడదు. అడిగితే, చావు కబురు చెప్పదగిన మనిషి కాదని ఊరు తనని పక్కన పెట్టినట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని అందరూ ముఖం గంభీరంగా పెట్టి, "పాపం" అని, ఎదుటివాడి నోటినుంచి పేరు ఎప్పుడు జారుతుందా అని కాచుకుంటారు. పది గంటల లోపల ఆ రోడ్డు మీద నలభై కార్లు వెళ్లాయి.

పదింటికి అట్రాక్టా తెల్ల గీతలు గీసే బండిని కారు డిక్కీలో వేసుకుని వచ్చింది. గేటు తీస్తూ తల ఎత్తింది. జెండా సగంలో ఉంది.

ఎవరు? కార్యదర్శికి తెలియకుండా ఎవరు పోయారు? జార్లత్‌కి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. అతను ఆ ఇంట్లోనే ఉండి ఉంటాడు, చావింట్లో ఫోన్ ఎత్తరు కదా అనుకుంది. ఇక మిగిలింది కన్సెప్టా. కన్సెప్టా ఊళ్లో కొట్టు నడుపుతుంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. ఏ వార్తయినా ముందు కన్సెప్టా కొట్టుకి వచ్చి, ఆ తర్వాతే ఊళ్లోకి వెళుతుంది.

"కన్సెప్టా, నేనే," అంది అట్రాక్టా, గొంతు తగ్గించి. "విన్నావా?"

కన్సెప్టా ఏమీ వినలేదు. కొట్లో పాల సీసాలు సర్దుకుంటోంది. కాని ఆ గొంతు వినగానే ఆమెకి సంగతి అర్థమైపోయింది. ఎవరో పోయారు. అది తన కొట్టుకి రాకుండానే ఊళ్లో తిరుగుతోంది.

"ఆ, విన్నానే," అంది కన్సెప్టా. "నమ్మలేకపోతున్నా."

"నేనూ అంతే."

"ఎప్పుడట?"

నిన్న సాయంత్రం జెండా మామూలుగానే మడిచి పెట్టి ఉంది. "పొద్దున్నే అయ్యుండాలి," అంది అట్రాక్టా.

"బాధ పడలేదు కదా?"

"లేదనే అనుకుంటున్నా."

"పోనీలే, అదే మేలు. ఈ వయసులో మంచాన పడితే చూసేదెవరు?"

అట్రాక్టా ఆ మాట పట్టుకుంది. అయితే పెద్దాయనన్న మాట. "అవును," అంది, "వయసు కూడా తక్కువేం కాదుగా."

కన్సెప్టా కూడా ఆ మాట పట్టుకుంది. "ఒంటరి మనిషి కూడానూ, పాపం," అంది, అంచనాగా.

"ఒంటరి మనిషే," అంది అట్రాక్టా.

ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు. ఏమీ తెలియని ఇద్దరు ఆడవాళ్లు అయిదు నిమిషాల్లో ఒక మనిషిని తయారుచేశారు. ముసలివాడు, ఒంటరివాడు, పొద్దున్నే బాధ లేకుండా పోయినవాడు. క్లబ్‌లో ఆ లక్షణాలన్నీ ఉన్న మనిషి ఒక్కడే. గౌరవాధ్యక్షుడు ఫెలిమ్ ప్రంటీ. ఎనభై నాలుగేళ్లు.

అట్రాక్టా గీతల బండి వదిలేసి ఫెలిమ్ ఇంటికి కారు పోనిచ్చింది. అతని పాత కారు ముంగిట్లోనే ఉంది. తలుపు తాళం. కిటికీలన్నిటికీ తెరలు దించి ఉన్నాయి. పట్టపగలు తెరలు దించిన ఇంటి ముందు ఇంకేం అడగాలి? నిజానికి ఆరింటికే అతని మేనకోడలు గ్రోనియా వచ్చి, కంటిలో పొర తీయించడానికి తన కారులో స్లైగో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. తిరిగొచ్చాక కళ్లకి వెలుతురు తగలకూడదని తెరలు దించి మరీ వెళ్లారు. కన్ను బాగు చేయించుకోవడం కూడా ఒక ముసలితనమేనని ఫెలిమ్‌కి నామోషీ. అందుకే ఎవరికీ చెప్పలేదు.

అట్రాక్టా కార్లో కూర్చుని ఏడ్చింది. ఇరవై రెండేళ్ల కిందట ఆడమనిషి కార్యదర్శి ఏమిటని కమిటీలో మగవాళ్లంతా గొణుగుతుంటే, ఫెలిమ్ లేచి మినిట్స్ పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "రాయడం వచ్చిన మనిషి రాస్తుంది. రానివాళ్లు కూర్చోండి," అన్నాడు. అంతే, అందరూ కూర్చున్నారు. అలాంటి మనిషి పోయాడు, చివరి మాట కూడా లేకుండా.

కళ్లు తుడుచుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. నాక్‌బారన్ కార్యదర్శి మాలకీ. జెండా చూసిన నలభై కార్లలో అతని కారు ఒకటి.

"అట్రాక్టా గారూ, మీకు పెద్ద కష్టమే వచ్చింది," అన్నాడు మాలకీ. "మా జట్టంతా మీ వెనకాల ఉన్నామనుకోండి. ఇవాళ ఆట గురించి మీరేం దిగులు పెట్టుకోవద్దు. నేనే బోర్డుతో మాట్లాడేశాను. వచ్చే శనివారానికి వాయిదా వేశారు."

అట్రాక్టాకి ఏడుపు ఆగిపోయింది. "వాయిదానా? వద్దండీ! ఫెలిమ్ గారు ఉండుంటే ఆట ఆపొద్దనే అనేవారు!"

పేరు మాలకీకి అప్పుడే తెలిసింది. "అవునవును, ఫెలిమ్ గారు," అన్నాడు, ముందే తెలిసినట్టు. "ఎంత మంచి మనిషి! అందుకేనండీ, ఆయన శవం ఇంటికి చేరక ముందే బంతి తన్నామంటే మా ఊళ్లో మాకు తల ఎత్తుకునే దారుండదు. మన రెండు జట్లూ మైదానంలో నిలబడి, ఆడతామని రిఫరీకి చెబితే తప్ప వాయిదా వాయిదానే."

అతనికి లోపల సంతోషంగా ఉందా? ఉంది. వచ్చే వారానికి ముగ్గురు వెళ్లిపోతారని అతనికి తెలుసా? తెలుసు. కాని ఆ సమయంలో అతను నిజంగానే టోపీ తీసి ఫోన్ మాట్లాడుతున్నాడు. మర్యాద మర్యాదే.

అట్రాక్టా ముక్కు చీదింది. ఫెలిమ్ క్లబ్ ఫెలిమ్ పోయిన రోజునే పోవడమా? ఆమె ఒళ్లు మండిపోయింది. ఆట వాయిదా పడితే పడనీ, మైదానంలో రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడితే ఏం జరుగుతుందో చూద్దాం అనుకుంది.

"మాలకీ గారూ, ఒక్క ఉపకారం చేయండి," అంది, ఎంతో మెత్తగా. "శవాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు మా మైదానం గేటు దగ్గర ఆపుతారు కదా. మీ కుర్రాళ్లు జెర్సీలు వేసుకుని వరసలో నిలబడితే ఆయన ఆత్మ సంతోషిస్తుంది. నిక్కర్లూ బూట్లతో సహా వస్తే ఇంకా గౌరవంగా ఉంటుంది."

"బూట్లతోనా?"

"ఆయనకి అరకొర పనులు నచ్చేవి కావండీ."

మాలకీ కాదనలేకపోయాడు. అదే మాట ఆమె రిఫరీ సిల్వెస్టర్‌కీ చెప్పింది, విజిల్ కూడా తెచ్చుకోమని. సిల్వెస్టర్ విజిల్ ఎందుకని అడగబోయి, అడిగితే తనకి తెలియని ఆచారమేదో ఉన్నట్టు బయటపడుతుందని ఊరుకున్నాడు.

ఈ లోపల ఊరు ఊరుకోలేదు. కన్సెప్టా కొట్టు మూసేసి నాలుగు పొడుగాటి బ్రెడ్డులు కోసి హామ్ శాండ్‌విచ్‌లు మొదలుపెట్టింది. చాలవేమోనని చెల్లెలికి ఫోన్ చేసి గుడ్లు ఉడకబెట్టమంది. కన్సెప్టా పినతల్లి కూతురు స్లైగో ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆవిడ చెప్పిన మాటతో ఉన్న కాస్త అనుమానమూ పోయింది. "ఫెలిమ్ గారిని పొద్దున చక్రాల మంచం మీద తోసుకుపోవడం నేను కళ్లారా చూశాను. దుప్పటి గడ్డం దాకా ఉంది. ఆ మేనకోడలు పిల్ల ఆయన కోటు పట్టుకుని వెనకాల నడుస్తోంది. రెండింటికి ఇంటికి పంపిస్తారని విన్నాను."

శవపేటికల ఫ్రాన్సీ అట్రాక్టాకి ఫోన్ చేసి పావుగంట నిష్ఠూరాలాడాడు. ప్రంటీల ఇంట్లో మూడు తరాల చావులు తానే చేశాడట, ఇప్పుడు తనకి ఒక మాటయినా చెప్పకుండా పట్నం వాళ్లకి అప్పగించారట. "నేనేం అనను. ఎవరిష్టం వాళ్లది. కాని ఆ పెట్టె ఏ కర్రతో చేయించారో ఒకసారి చూడాలనుంది," అన్నాడు.

అసలు దెబ్బ పన్నెండున్నరకి తగిలింది. అట్రాక్టా కాగితం పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ వచ్చింది. పదకొండు మంది దొరికారు. నలుగురు దొరకలేదు. ఆ నలుగురూ ముందువరస ఆటగాళ్లు, గోల్ కొట్టడం తెలిసినవాళ్లు వాళ్లే. వాళ్లలో ఒకడి తల్లిని అడిగితే, "ఇంకెక్కడ? శ్మశానంలో. గొయ్యి తవ్వడానికి పోయారు," అంది.

పోయినవాడి గొయ్యి పొరుగువాళ్లే తవ్వాలి. అది అక్కడి ఆనవాయితీ, దాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. అట్రాక్టా మాత్రం శ్మశానానికి వెళ్లింది. ప్రంటీల స్థలంలో వంగి తవ్వుతున్న నలుగురి తలకాయలు నేలకి కాస్త ఎత్తున కనిపించాయి.

"ఎంత లోతు తవ్వారురా?" అంది.

"నడుం దాకా వచ్చిందమ్మా," అన్నాడు వాళ్లలో పెద్దవాడు కోనల్.

"చాలు. పైకి రండి."

"ఇంకా మూడడుగులు తవ్వాలమ్మా."

"మిగతాది రేపు తవ్వుకోవచ్చు. ఆయనకిప్పుడు తొందరేం లేదు. పార ఎత్తి ఎత్తి మీ చేతులు పడిపోతే బంతి ఎవడు పట్టుకుంటాడు?"

నలుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "ఈ రోజు ఆట లేదన్నారుగా?" అన్నాడు కోనల్.

"ఎవరన్నారు?"

"అందరూ."

"నేనన్నానా?"

"లేదు."

"అయితే బూట్లు కడుక్కుని రండి. మట్టి బూట్లతో వస్తే మైదానంలో అడుగు పెట్టనివ్వను."

వాళ్లు పారలు భుజాన వేసుకుని, తల్లి పిలిచిన పిల్లల్లాగా ఆమె వెనకాల నడిచారు.

రెండున్నరకి అట్రాక్టా మైదానం చేరేసరికి రోడ్డుకి రెండు వైపులా కార్లు నిలిచి ఉన్నాయి. గేటు దగ్గర తమ ఎరుపు తెలుపు జెర్సీల వరస చూసి ఆమె ఆగిపోయింది. పదిహేను కాదు. కబురు విని డబ్లిన్ నుంచి, గాల్వే నుంచి కార్లు వేసుకుని వచ్చేశారు. మోకాలు పోయిందని ఆట మానేసినవాళ్లు, కోచ్ తిట్టాడని అలిగి మానేసినవాళ్లు, పెళ్లయ్యాక మళ్లీ కనబడనివాళ్లు, అందరూ పాత జెర్సీలు పొట్టల మీద సాగదీసుకుని తలలు వంచుకుని నిలబడ్డారు. లెక్కపెట్టింది. ముప్పై ఒక్క మంది.

ఏడాదంతా ఆమె వీళ్లకి ఫోన్లు చేసింది. తలుపులు కొట్టింది. ఒక్కడు రాలేదు. తమ పేర్లు కొట్టేయమని వాళ్లు అడిగిన ప్రతి జనవరిలోనూ ఆమె కొట్టేయకుండా, మొండిగా మళ్లీ నమోదు చేస్తూనే వచ్చింది. ఇప్పుడు చూస్తే అందరూ ఆడటానికి అర్హులే. ఒక మనిషి పోతే తప్ప కదలరా అని కోపం వచ్చింది. వచ్చారు కదా అని ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగుకుని, పొట్ట బయటికి కనబడుతున్న ఒకడి జెర్సీ కిందికి లాగింది.

ఎదురు వరసలో నాక్‌బారన్ కుర్రాళ్లు పసుపు జెర్సీల్లో, బూట్లతో సహా నిలబడ్డారు. మాలకీ నల్ల టై కట్టుకున్నాడు. సిల్వెస్టర్ విజిల్ మెడలో వేసుకుని, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక చొక్కాలో దోపుకున్నాడు. కన్సెప్టా బల్లల మీద పళ్లేలు సర్ది, ఈగలు వాలకుండా తువ్వాలు కప్పింది. ఫ్రాన్సీ పక్కన నిలబడి రోడ్డు వైపే చూస్తున్నాడు, పెట్టె కర్ర కోసం.

మూడింటికి పది నిమిషాలుండగా మలుపు తిరిగి ఒక చిన్న ఎర్ర కారు వచ్చింది. వెనకాల శవం బండి ఉంటుందని అందరూ తలలు వంచారు. వెనకాల ఏ బండీ లేదు. జనం అడ్డంగా ఉండటంతో ఎర్ర కారు రెండు వరసల మధ్యా ఆగింది. లోపల గ్రోనియా నడుపుతోంది. ఆమె పక్కన, ఒక కంటికి తెల్లటి కట్టుతో, ఫెలిమ్ ప్రంటీ కూర్చున్నాడు.

కట్టు లేని కంటితో ఆయన బయటికి చూశాడు. సగంలో ఉన్న జెండా చూశాడు. రెండు ఊళ్ల జట్లూ వరసలో నిలబడటం చూశాడు, మాలకీ నల్ల టై చూశాడు, శాండ్‌విచ్‌లు చూశాడు. క్లబ్‌లో ఎవరో పెద్దమనిషి పోయాడు, తనకి కబురు అందలేదు. గౌరవాధ్యక్షుడై ఉండి, పోయింది ఎవరని అడగడమా? ఛీ. ఆయన టోపీ తీసి, కారు దిగి, శిలువ గుర్తు వేసుకుని, వరస మొదట్లో ఉన్న మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్ద కష్టమే వచ్చింది మీకు," అన్నాడు.

వరస మొదట్లో ఉన్నది కోనల్. గంటన్నర కిందట ఇతని గోతిలో నడుం దాకా దిగి ఉన్నాడు. అతని ముఖం సున్నంలా అయిపోయింది. "థ్... థాంక్సండీ," అన్నాడు.

ఫెలిమ్ పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పక్కవాడిది. ముప్పై ఒక్క మందికీ పేరు పేరునా ఓదార్పు చెప్పాడు. అందరూ తలలూపి చెయ్యి అందించారు. ఏమని చెబుతారు? మీరే పోయారండీ అనా? ఫ్రాన్సీ మాత్రం ఊపిరి వదిలి, తృప్తిగా చేతులు కట్టుకున్నాడు. పట్నం వాళ్లకి పోలేదు, అంతే చాలు.

వరస చివర అట్రాక్టా ఉంది. ఫెలిమ్ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, గొంతు తగ్గించి, "మంచి మనిషమ్మాయ్," అన్నాడు. ఆ మాట ఎవరికైనా సరిపోతుంది.

"చాలా మంచి మనిషండీ," అంది అట్రాక్టా. ఆమె కళ్లు ధారలు కట్టాయి. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి.

అప్పుడు ట్రాక్టరు చప్పుడు వినిపించింది. జార్లత్ మోచేతుల దాకా గడ్డీ నెత్తురూ పూసుకుని, వెనక నిచ్చెన కట్టుకుని వచ్చాడు. ఇంతమందిని చూసి కంగారుపడ్డాడు. తన పని సగంలో వదిలి వెళ్లినందుకే అందరూ నిలబడి ఎదురుచూస్తున్నారనుకున్నాడు.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి," అన్నాడు, అందరికీ వినబడేలా. "పొద్దున తాడు ఇరుక్కుంది. నిచ్చెన కోసం వెళ్తే పెయ్య ఈనుతోంది. దూడ అడ్డం తిరిగింది. ఇదిగో, ఒక్క నిమిషం."

నిచ్చెన వేశాడు. ఎక్కాడు. చక్రాన్ని సుత్తితో ఒక్కటి కొట్టి తాడు లాగాడు. జెండా సర్రున పైకి వెళ్లి రెపరెపలాడింది.

నాలుగు వందల మంది తలలు ఎత్తి జెండాని చూశారు. తర్వాత ఫెలిమ్‌ని చూశారు. ఆ తర్వాత ఎవరి బూట్లు వాళ్లు చూసుకున్నారు. అందరికీ అర్థమైంది. తనకి అర్థమైందని ఒప్పుకునే మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

అట్రాక్టా కళ్లు తుడుచుకుని గడియారం చూసింది. "మూడయింది," అంది. "సిల్వెస్టర్ గారూ, విజిల్ తీయండి. రెండు జట్లూ మైదానంలోనే ఉన్నాయి. మేం ఆడతాం."

మాలకీ గబగబా ముందుకు వచ్చాడు. "అదెలా కుదురుతుందండీ? ఆట వాయిదా పడింది. ఇంత విషాద సమయంలో మేం ఆడలేం."

"విషాదమా? ఏం, ఎవరు పోయారు?" అంది అట్రాక్టా.

పొద్దుటి నుంచి ఊరంతా మింగుకున్న ప్రశ్న అది. ఆమె దాన్ని గొంతెత్తి, నాలుగు వందల మంది ముందు అడిగింది. మాలకీ నోరు తెరిచాడు. అతనికి రెండడుగుల దూరంలో ఫెలిమ్, టోపీ గుండెకి ఆనించుకుని, పేరు ఇప్పటికైనా తెలుస్తుందని చెవి ఒగ్గి నిలబడ్డాడు. మాలకీ నోరు మూసుకున్నాడు.

"చెప్పండి మాలకీ గారూ. ఎవరు?"

"అంటే... ప్రత్యేకించి ఎవరూ అని కాదు..."

"అయితే ఆడదామా?"

మాలకీ నల్ల టై సడలించి, "ఆడదాం," అన్నాడు. రిఫరీ విజిల్ వేశాడు.

డ్రమ్‌షీలన్ చిత్తుగా ఓడిపోయింది. పదకొండు పాయింట్ల తేడా. పొద్దున గొయ్యి తవ్విన నలుగురికీ చేతులు పైకి లేవలేదు. గాల్వే నుంచి వచ్చిన ఒకాయన పది నిమిషాలు పరుగెత్తి, గోల్ స్తంభాన్ని కావలించుకుని మిగతా ఆట అక్కడి నుంచే చూశాడు. అయినా మొదలుపెట్టినప్పుడు పదిహేను మంది, ముగించినప్పుడు పదిహేను మంది ఉన్నారు. మధ్యలో మార్చడానికి ఇంకో పదహారు మంది గీత అవతల కుదురు లేకుండా గంతులేస్తూ, "నన్ను దింపండి, నన్ను దింపండి" అని ఆమె ప్రాణం తీశారు. రిఫరీ పుస్తకంలో ఆట పూర్తయిందని రాసి సంతకం పెట్టాడు. క్లబ్ బతికింది. చెమటలు కారుతూ, ఒగరుస్తూ బయటికి వస్తున్నవాళ్లలో ఎనిమిది మంది మంగళవారం సాధన ఎన్నింటికని వాళ్లంతట వాళ్లే అడిగారు. అట్రాక్టా పేర్లు రాసుకుంది, మనసు మార్చుకునే వ్యవధి ఇవ్వకుండా.

ఆ తర్వాత అంతా శాండ్‌విచ్‌ల మీద పడ్డారు. ఫెలిమ్ కుర్చీలో కూర్చుని, హామ్ శాండ్‌విచ్ ఒకటి పూర్తిచేసి, గుడ్డుది ఒకటి మొదలుపెట్టాడు. పైకప్పు లేని గది పక్కన నవ్వులూ కేకలూ వింటూ చాలాసేపు తల ఊపాడు. అట్రాక్టా టీ తెచ్చి ఇస్తే, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఎంతమంది వచ్చారమ్మాయ్! పోయిన మనిషి పుణ్యాత్ముడు," అన్నాడు. "నేను పోయిన రోజున ఇందులో సగం మందైనా వస్తారంటావా?"

"వస్తారండీ," అంది అట్రాక్టా. "కాకపోతే పై ఆదివారం మాత్రం పెట్టుకోకండి. మనకి మ్యాచ్ ఉంది."